పదహారు కంతుల పట్టుచీర

ధర్మవరంలో పట్టుచీర కొనేదానికి వచ్చినోళ్లు మొదట "ఎంత?" అని అడుగుతారు. కంతులకు కొనేవాళ్లు "నెలకెంత?" అంటారు. పన్నెండేండ్లుగా ఈ రెండో మాట మీదే నా ఇల్లు గడుస్తాంది. ముందే చెప్తాండా, నేనేమంత మంచిదాన్ని కాదు.

సావుకారి అంగట్లో చీరలు తీసుకొని, సంచిలో ఏసుకొని, సోమవారం హిందూపురం, గురువారం పెనుకొండ పోతా. బట్టల ఫ్యాక్టరీల గేట్ల తావ, ఆడోళ్లు డ్యూటీ దిగే టైముకు నిలబడతా. నాకు నోరెక్కువని మా ఆయన తిడతాంటాడు. "నెలకు వెయ్యేనక్కా! రోజుకు లెక్కేస్తే ఆకువక్క దుడ్లు. ఆకువక్క ఉమ్మేస్తే పాయె, చీర ఉంటాది" అంటే నగుతారు. నగినోళ్లు కొంటారు.

ఎనిమిది వేల చీరకు పద్నాలుగు కంతులు. అమ్మో, పద్నాలుగు వేలా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడిగితే కట్టలేనిదని అనుకుంటారేమోనని వాళ్లకే నామోషీ.

ఇంకోటుండాది. కంతులకిచ్చే చీరలు అంగడి ముందర అద్దాల బీరువాలో పెట్టేవి కావు. అమ్ముడుపోకుండా నాలుగైదేండ్లు పడున్నవాటిని సావుకారు అడుగు అరలోంచి తీసి నాకిస్తాడు. పట్టు ఒకే మడతలో ఉండిపోతే ఆ మడతకాడ దారం చచ్చిపోతాది. అప్పుడప్పుడూ విప్పి, గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టాల. మా ఊర్లో పసిపిల్లను అడిగినా ఈ సంగతి చెప్తాది.

ఒక గురువారం గేటు తావ ఒక అక్క నన్ను పిలిచింది. ఆమెది రొద్దం పక్కన పల్లె. మొగుడు గొర్లు మేపుతాడు, ఆమె పెనుకొండ తావ ఫ్యాక్టరీలో గుండీలు కుడతాది. కొడుక్కి సంబంధాలు చూస్తాండారంట. "పెండ్లిలో కట్టుకునేదానికి పట్టుచీర కావాల చెల్లీ. అది నాదే అయ్యుండాల" అనింది. ఎందుకక్కా అంత పట్టు అని అడిగితే చెప్పింది. ఆమె పెండ్లికి కట్టింది అరువు చీరంట. తాళి పడినాక బంతిలో కూర్చోబోతాంటే, చీర ఇచ్చినామె వచ్చి, "పప్పు మరకలు పడతాయి, ఇడిసి ఇచ్చేయమ్మా" అనిందంట, అందరి ముందర.

నేను చీరను కవర్లోంచి సగమే లాగి, కొంగూ అంచూ చూపించినా. వంగపూత రంగు చీర, ఆకుపచ్చ అంచు. ఆమె చేతులు తుడుచుకొని ముట్టుకునింది. "కంతులన్నీ తీరినాకే కట్టుకుంటా. అంతవరకూ మడత గూడా ఇప్పను. బాకీ ఉన్నన్నాళ్లూ అది నాది కాదు కదా" అనింది.

ఆడ చెప్పాల్సింది నేను. అట్ల పెట్టొద్దక్కా, నెలకోసారి విప్పి ఆరేయి అనాల. విప్పితే లోపల మడతలకాడ తెల్లగా పడిన గీతలు చూస్తాది, చీర వాపసు ఇస్తాది. అందుకని, "బలే మాట చెప్తివక్కా! ఈ కాలంలో నీ మాదిరి ఎవరుండారు!" అని మెచ్చుకుంటి గూడా. నా నోట్లో పురుగులు పడ!

జీతం పడినప్పుడల్లా గేటు తావ నాకోసరం నిలబడతాండె. నడమ మొగునికి జరమొచ్చి రెండు నెలలు కట్టలేకపాయె. సావుకారు రెండు కంతులు పైన ఏసె. "సరేలే, నేనే కదా లేటు చేసింది" అని ఒప్పుకునె. ఆటో దుడ్లు మిగిలించేదానికి రొద్దం నుంచి పల్లెకు నడిచిపోతాందని ఆమె జతలో పనిచేసేవాళ్లు చెప్పిరి. ప్రతి నెలా చెబుదామనే పోతి. ప్రతి నెలా దుడ్లు తీసుకొని బస్సెక్కితి.

పెండ్లి ఇంక ఎనిమిది దినాలుందనగా, కడా కంతుకు నన్ను ఇంటికే రమ్మనింది. నా ముందరే కట్టుకొని చూసుకోవాలంట. రేకుల ఇల్లు, లోపల ఎండకు కుమ్ములో కూర్చున్నట్లుండాది. ఆమె తలకు పోసుకోనుండాది. నాకు మజ్జిగిచ్చి, మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి, చీర తీసింది. కొంచెం కొంచెంగా విప్పి, కుచ్చిళ్లు పోసేదానికి రెండు చేతులా పట్టి లాగింది. పర్రుమనింది. మడత పొడుగునా చీలిపాయె. భయపడి ఇంకో తావ పట్టుకుంటే ఆడా చీలె.

నేను మజ్జిగ గ్లాసు కింద పెడితి.

ఏడుస్తాది, నన్ను తిడతాది అనుకుంటి. తిట్టింటే బాగుండు. చీలిన అంచులు రెండూ దగ్గరికి చేర్చి, వేళ్లతో సాపు చేస్తా, "తప్పు నాదే చెల్లీ. గాలికి ఆరేయమని ఫ్యాక్టరీలో ఒకామె చెప్పింది. నాది కాని చీరను ముట్టుకోవడమెందుకని నేనే ఇనలేదు" అనింది. ఇప్పుడైనా చెప్పు పాపిష్టిదానా అని నన్ను నేనే తిట్టుకుంటి. చెప్తే ఇంకో చీర ఇయ్యాల, సావుకారు ఇయ్యడు, నా చేతి దుడ్లు పోతాయి. ఆ అక్క అట్ల కూర్చోనుంటే గూడా నా తలకాయలో ఈ లెక్కే తిరుగుతా ఉన్నింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆమె లేచి, గూట్లోంచి ఐదునూర్ల నోట్లు రెండు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇంక నేను నీకు బాకీ లేను కదా?"

"లేవక్కా" అంటి. దుడ్లు సంచిలో పెట్టుకుంటి.

వాకిలి దాకా వచ్చి, "పెండ్లికి రావల్ల, రాకుంటే ఊరుకోను" అనింది. నేను పోలేదు. ఆ దినం ఆమె ఏం కట్టుకునిందో ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.