ఎవరూ చావని తార్

గడపైనా తొక్కకుండా సొంతిల్లు పోగొట్టుకోవడం ఎలాగో తెలియాలంటే నా దగ్గర కూర్చోండి. నాకు ఆ విద్య రెండు రోజుల్లో వచ్చింది.

ఎనభైలలో మేం దేవరకొండలో కిరాయికుండేవాళ్లం. ఖాజా సాబ్ తన రెండు గదుల ఇల్లు మాకు అమ్ముతానన్నాడు. "సోమవారం వస్త. బయానా రెండు వేలు నా చేతుల పెట్టు బేటీ" అని చెప్పి కొల్లాపూర్‌లో కూతురింటికి వెళ్లాడు. మా ఆయన బడి పని మీద నల్లగొండ పోయాడు. అడ్వాన్సు డబ్బు బియ్యం డబ్బాలో, భారం నా నెత్తిన.

శనివారం పోస్టుమాన్ వాకిట్లో కేకేశాడు. "అమ్మా, తార్!"

మా దిక్కున తార్, అదే టెలిగ్రాం, వచ్చిందంటే ఎవరో పోయారనే. విప్పకుండానే కూలబడ్డాను. పక్కింటి యాదమ్మ నాకంటే ముందు శోకం అందుకుంది.

"ఎవలు పోయిండ్రు మరియమ్మక్కా?"

"తెల్వదే!"

"తెల్వకపోతె ఎవల పేరు మీద ఏడ్వాలె?"

ఎందుకైనా మంచిదని అందరి పేర్లమీదా ఏడ్చాం. మా మేనత్తనైతే రెండుసార్లు చంపాం.

నాయిన ఇంట్లో బైబిలు ముందుంచి నేర్పిన చదువు నాది. తెలుగు గడగడ, ఇంగ్లీషు గుండుసున్నా. పోస్టుమానే చదివాడు. "జర ఆగుండ్రమ్మా! ఎవ్వలు సావలే. ఖాజా సాబు దవాఖానల ఉన్నడట. బయానా కర్నూల్ల అల్లుని పేరుమీద తార్ మనియార్డరు చెయ్యమంటుండు."

"స్తోత్రం ప్రభువా!" అన్నాను. ఆ సంతోషంలో పోస్టుమాన్‌కు రెండు చెంచాల చక్కెర ఎక్కువేసి చాయ్ ఇచ్చి, డబ్బు కొంగున కట్టుకుని పోస్టాఫీసుకు పరుగెత్తాను.

కిటికీలోని గుమాస్తా అడిగాడు: "గా అల్లుణ్ణి ఎన్నడన్న సూసినవా అమ్మా?"

"మామ పానంతోని ఉన్నడు సారూ, అల్లుణ్ణి సూసి ఏం జేస్త?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు లోకులు. నేను ఆకుల్ని కూడా మనియార్డరు చేసేశాను.

సోమవారం ఖాజా సాబ్ స్టాంపు కాగితంతో బస్సు దిగాడు. "బయానా తయారేనా బేటీ?"

"మీరు... దవాఖానల..."

"నేనా? పొద్దుగాల నాలుగు రొట్టెలు తిని వచ్చిన!"

"కర్నూల్ల మీ అల్లుడు..."

"నాకున్నదొక్కడే అల్లుడు. కొల్లాపూర్ల బీడీ తాగుకుంట కూసున్నడు. కర్నూల్ల ఎవడు?"

మా బేరం చాటుగా విని ఆ దొంగ తార్ కొట్టిందెవరో నేటికీ తెలియలేదు. డబ్బు అందుకున్నవాడి సంతకం మాత్రం చూపించారు. ముత్యాల్లాంటి అక్షరాలు.

పాపం, ఖాజా సాబ్ పదిహేను రోజులు ఆగాడు. మాకు ఇంకో రెండు వేలు పుట్టలేదు. ఇల్లు వేరేవాళ్లకు పోయింది. మా ఆయన బియ్యం డబ్బాకు మూతపెట్టి బడికి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నిజంగా ఏడుపొచ్చి యాదమ్మను పిలిచాను. "మొన్ననే అందరి పేరుమీద ఏడ్సేసినం గదక్కా," అంది, "ఇగ కండ్లల్ల నీళ్లు లెవ్వు."

అయినా స్తోత్రమే. మేనత్త బతికే ఉంది.

దేవుని సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఇంటి డబ్బు ఇంకో చోటికి పంపమని ఏ తార్ వచ్చినా, పంపినవాడు స్వయంగా నా గడప ముందు నిలబడి "నేనే పంపిన" అనేదాకా ఏడుపు ఆపను, కొంగు ముడి విప్పను.