శబ్దానికి తొమ్మిది మార్కులు

నెల్లూరులో ఒక టైర్ల దుకాణం పైఅంతస్తులో మా ఆఫీసు ఉండేది. ముగ్గురం పనిచేసేవాళ్ళం. కొత్తగా వచ్చే హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్లు, మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్లు తెప్పించి, పరీక్షించి, మార్కులు వేసి, తెలుగులో రాసి మా వెబ్‌సైటులో పెట్టేవాళ్ళం. వినడం, రాయడం నా పని. వెబ్‌సైటు నడిపే సారు కంపెనీలతో మాట్లాడేవాడు. మూడో అతను వీడియోలు తీసేవాడు.

గదిలో ఒక మూల బొమ్మ తల ఉండేది. నల్లటి తల, రెండు రబ్బరు చెవులు, చెవుల లోపల చిన్న మైకులు. ఏ హెడ్‌ఫోను వచ్చినా ముందు దానికి తొడిగేదాన్ని. కంప్యూటరు నుంచి ఒక శబ్దం పంపితే, అది గురకలా బొంగురుగా మొదలై, పైపైకి పాకి, దోమ రొదలా సన్నబడి ఆగిపోయేది. ఏ స్వరం ఆ చెవులకు ఎంత అందిందో తెర మీద గీత పడేది. గీత మరీ ఎగుడుదిగుడుగా ఉంటే మార్కులు తగ్గేవి. ఆ తర్వాత నేను పెట్టుకుని రెండు రోజులు వినేదాన్ని. ఛార్జింగు ఎంతసేపు ఆగుతుంది, చెవి నొప్పి పుడుతుందా, చెమటకు తట్టుకుంటుందా, బజారు రొదను ఎంత ఆపుతుంది, ఇలా ఒక్కోదానికి పదికి ఇన్ని అని వేసి చివర మొత్తం తేల్చేదాన్ని.

ఆ పట్టికలో ‘శబ్దం’ అని ఒక వరుస ఉండేది. పూర్తిగా పెంచితే ఎంత బిగ్గరగా మోగుతుందో అందులో చూడాలి. ఎంత బిగ్గరగా మోగితే అన్ని ఎక్కువ మార్కులు. “జనం ముందు అడిగేది అదేనమ్మా. బస్సులో వినపడాల, మోటారు పక్కన వినపడాల” అనేవాడు సారు. అందులో నాకూ తప్పేమీ కనపడలేదు.

మాది వాకాడు దాటి సముద్రం ఒడ్డున ఉన్న కుప్పం. మా వైపు జాలర్ల పల్లెను అలాగే అంటారు. నాన్న పోయేనాటికి అన్నకు పదహారేళ్ళు, నాకు ఆరు. ఆ ఏడే అన్న పడవలో ఇంజను దగ్గర కూర్చున్నాడు. నేను డిగ్రీ దాకా చదివింది అలా. మా ఫైబరు పడవల్లో డీజిల్ ఇంజను వెనక భాగంలో ఉంటుంది, దానికి మూత ఉండదు. నడిపేవాడు పక్కనే కూర్చుని ఒక చేత్తో చుక్కాని కర్ర పట్టుకోవాలి. పడవ ఇంకా చుక్కలా ఉన్నప్పుడే ఆ మోత ఒడ్డున మాకు వినపడేది. ముప్పై ఏళ్ళుగా అన్న చెవులు దాని పక్కనే ఉన్నాయి.

అన్నకు వినికిడి తగ్గిందని మొదట గమనించింది వదిన. “పిలిస్తే పలకడం లేదు పాపా. నా మీద కోపమేమో అనుకున్నా. కోపం కాదు, వినపడ్డంలేదు” అని ఫోనులో చెప్పింది.

ఆ నెలలోనే ఆఫీసుకు ఒక నెక్‌బ్యాండ్ వచ్చింది. పెద్ద పేరున్నది కాదు. చుట్టుపక్కల మాటల్ని పెంచి వినిపించే మీట ఉందనీ, వినికిడి తగ్గినవాళ్ళకు మేలనీ పెట్టె మీద రాసి ఉంది. బొమ్మ తలకు తొడిగి శబ్దం పూర్తిగా పెంచాను. తెర మీద మేము గీసుకున్న ఎర్ర గీతను దాటి పోయింది. అది చెవికి హాని చేసే హద్దు. దాటితే ‘జాగ్రత్త’ అని ఒక వాక్యం రాయడం మా అలవాటు. చివరి పేరాలో రాశాను. పట్టికలో మాత్రం శబ్దానికి తొమ్మిది వేశాను. మాటల మీటను పరీక్షించడానికి వీడియో అతన్ని గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడమన్నాను. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. దానికి ఎనిమిది. విన్నవి నా చెవులు, వాటికి ఏ లోపమూ లేదు.

పరీక్ష అయిన వస్తువులు మా దగ్గరే ఉండిపోయేవి. దాన్ని సంచిలో వేసుకుని ఆదివారం ఊరికి పోయాను. పడవలు వచ్చేసి, కానాగంత చేపలు అమ్ముడుపోయి, అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో వేసి, బుడిపెలు నేనే చెవుల్లో పెట్టి, మీట నొక్కాను. వాకిట్లో వదిన గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి అటు తిరిగాడు. తర్వాత నవ్వాడు.

“మీ వదిన గొణిగేది గూడా వినపడతా ఉండాది పాపా.”

“వినపడనీలే. ఇన్నాళ్ళూ తప్పించుకున్నావు గదా” అంది వదిన.

“దీనికెన్ని మార్కులేసినావు?” అని నన్ను అడిగాడు.

“మొత్తం మీద ఎనిమిదిన్నరన్నా.”

“అయితే మంచిదే” అన్నాడు.

నెల తిరిగేసరికి కుప్పంలో ఇంజను నడిపేవాళ్ళు మరో నలుగురు అదే నెక్‌బ్యాండ్ తెప్పించుకున్నారు. “మా పాప పరీక్ష చేసి మార్కులేసింది” అని అన్న అందరికీ చెప్పాడట. వదిన ఫోనులో ఆ సంగతి చెబితే నాకు సంతోషమే కలిగింది. వాళ్ళు దాన్ని ఎక్కడ వాడుతున్నారని అడగలేదు.

పడవలో వాడుతున్నారు. ఆ ఇంజను మోత మీద పాట వినపడాలంటే శబ్దం పూర్తిగా పెంచాల్సిందే. పొద్దున పోయింది మొదలు ఒడ్డుకు వచ్చేదాకా అన్న అలాగే ఉండేవాడు. పాట వద్దనుకుంటే మాటల మీట నొక్కేవాడు. ఆ మీటకు మాటకూ ఇంజనుకూ తేడా తెలియదు. రెండింటినీ పెంచి చెవిలో పోసేది. ఒడ్డుకు వచ్చాక కూడా చెవుల్లో గుయ్యిమని మోగుతుంటే, ఇంజను మోత ఇంకా వదల్లేదని అనుకునేవాడట.

ఏడెనిమిది నెలలకు వదిన తమ్ముడికి దెబ్బ తగిలింది. అతను అన్న పడవలోనే ముందు వైపు నిలబడి వల లాగేవాడు. ఆ రోజు వల తాడు ఇంజను రెక్కకు చుట్టుకుంది. తాడు అతని చేతికి బిగుసుకుంది. “ఆపు బావా, ఆపు” అని అరిచాడు. పడవ నిడివి ఎంత? పట్టుమని పది బారలు కూడా ఉండదు. అన్నకు వినపడలేదు. యథాలాపంగా ముందుకు చూసి, మనిషి కిందపడి ఉండటం కనపడ్డాక ఇంజను ఆపాడు. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

అతన్ని గూడూరు ఆసుపత్రిలో చేర్పించిన మూడో రోజు ఇంటి నుంచి ఫోను వచ్చింది. వదిన మాట్లాడింది. “మీ అన్నను చెవుల డాక్టరు కాడికి తీసకపో. నేను పోదామంటే రాడు, నువ్వు చెబితే వస్తాడు.” ఆమె గొంతులో తమ్ముడి మీద బాధ ఉంది, మొగుడి మీద కోపం ఉంది, రెండూ కలిసి ఏమీ లేనట్టు పొడిగా ఉంది.

నెల్లూరులో చెవి పరీక్ష చేసే గది చిన్నది. లోపల మళ్ళీ గాజు పెట్టెలాంటి గది. అన్నను అందులో కూర్చోబెట్టి, పెద్ద హెడ్‌ఫోను తగిలించి, కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తమని సైగ చేసి చెప్పారు. పరీక్ష చేసే ఆమె పక్కన నేను కూర్చున్నాను. బొంగురు కూతలకు కాస్త ఆలస్యంగా చెయ్యి లేచింది. స్వరం పైకి పోయేకొద్దీ లేవలేదు. ఆమె పెంచుతూ పోయింది. గాజు గది తలుపు సరిగా మూసుకోదు. అన్న చెవి మీదున్న హెడ్‌ఫోనులోంచి ఆ కూత సన్నగా బయట కూర్చున్న నాకు వినపడింది. అన్న చెయ్యి ఒళ్ళోనే ఉంది. తప్పు చేస్తున్నానేమోనని బెదురుగా మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు.

కాగితం మీద గీత వచ్చింది. గీతలు చదవడం నా ఉద్యోగం, ఎవరూ చెప్పక్కర్లేదు. సగం దాకా దిగుతూ వచ్చి, ఆ పైన నిట్టనిలువుగా పడిపోయింది.

“ఇంజను చాలా ఏళ్ళుగా తింటా వచ్చింది. మిగిలినదాని మీద ఇది పడింది” అంది ఆమె, నేను బల్ల మీద పెట్టిన నెక్‌బ్యాండ్ చూసి. “నరం అరిగిపోయినాక మళ్ళీ రాదమ్మా. వినికిడి మిషను పెడితే గదిలో ఒకరిద్దరు మాట్లాడేది కొంచెం తెలుస్తుంది. సముద్రం మీద పని మాత్రం మానెయ్యాల. ఇట్టాంటివి ఎవరి చెవికి వాళ్ళ చెవి చూసి పెట్టాల. ఎవరిచ్చినారు దీన్ని?”

నేనేనని చెప్పాను. ఆమె కాగితం నా చేతికిచ్చింది.

బయట వరండాలో అన్న బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం అందుకుని తిరగేసి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. వినపడనివాళ్ళ గొంతు ఎంత పెద్దదో వాళ్ళకు తెలియదు. వరండాలో ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు.

“నువ్వు పరీక్ష చేసినావు గదా పాపా?”

అందులో నింద లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

“చేసినానన్నా. నా చెవులతో చేసినా” అన్నాను.

“ఏందీ?” అని ముఖం దగ్గరికి తెచ్చాడు.

పోదాం పదమన్నట్టు చెయ్యి చూపించాను.

మరునాడు సారుతో మాట్లాడాను. నా రివ్యూ తీసేయమన్నాను. లేదంటే మార్కులైనా దించమన్నాను.

“వస్తువులో లోపం లేదు గదమ్మా. ఉంటే దించుదాం. మీ అన్న ఇంజను పక్కన పెట్టుకున్నాడు. ‘జాగ్రత్త’ అని నువ్వే రాసినావు గదా?” అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు.

“చివరి పేరాలో రాసినాను సార్. చివరి పేరా ఎవరు చదువుతారు? మార్కులు చూస్తారు. నేనైనా అంతే.”

వారం రోజులు వాదించాక, హెచ్చరిక వాక్యాన్ని మార్కుల పైకి తెచ్చాడు. మార్కులు అలాగే ఉంచాడు. పట్టికలో శబ్దం వరుసను తిప్పి రాయడానికి మరో రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఎర్ర గీత దాటితే మార్కులు పోతాయి. అంతకుముందు నేను తొమ్మిదీ పదీ వేసినవన్నీ ఇంకా అలాగే ఉన్నాయి. నేనూ అక్కడే పనిచేస్తున్నాను.

కుప్పంలో ఆ నలుగురి ఇళ్ళకూ పోయాను. ఇద్దరు వెంటనే తీసి ఇచ్చేశారు. ఒకతను పడవలో పెట్టుకోనని మాటిచ్చాడు. నాలుగో అతను నవ్వాడు. “ఎట్టా పొయ్యే చెవులే గదక్కా. ఉన్నన్నాళ్ళు పాట వింటాం” అన్నాడు.

అన్న పడవ దిగాడు. ఇసుకలో కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. వినికిడి మిషను కొన్నాళ్ళు పెట్టుకున్నాడు. ఉప్పు గాలికి, చెమటకు అది తరచూ మొరాయిస్తుంటే డబ్బాలో పెట్టేశాడు. బావమరిది మూడు వేళ్ళ చేత్తో వల లాగలేక, చేపల వేలంపాట దగ్గర బుట్టలు మోస్తున్నాడు. అతనూ అన్నా ఎదురుపడితే పలకరించుకుంటారు.

ఫోనులో మేమిద్దరం మాట్లాడుకోవడం ఆగిపోయింది. నెలకోసారి మనుబోలు, గూడూరు మీదుగా బస్సులు మారి పోతాను. ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడతాను. మొదట్లో వినపడకపోతే “ఏందీ?” అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు. నేను ఏం చెప్పినా తలూపుతాడు. మొన్న పోయినప్పుడు, భోజనం చేశావా అన్నా అని అడిగితే కూడా నవ్వి తలూపాడు. వదిన అప్పుడే పొయ్యి వెలిగిస్తోంది.