మూడో మగ్గానికి వచ్చిన జబ్బు

ఆ రోజుల్లో, అంటే మీసం పూర్తిగా రాకముందే లోకంలోని సంగతులన్నీ నాకు తెలిసిపోయిన రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది: నేను చేసే చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడదని. ఆ వయసులో చాలామందికి ఉండే నమ్మకమే అనుకుంటాను. మనం గుట్టుగా చేస్తున్నామనుకున్నవన్నీ ఇంట్లోవాళ్ళకు తెలుస్తూనే ఉంటాయి, తెలియనట్టు ఊరుకుంటారు. నా విషయంలో అలా జరగలేదు. నా చప్పుడు మా నాయనకు స్పష్టంగా వినపడింది. వినపడి, అది నేను కాదనుకున్నాడు. చిక్కంతా అక్కడ వచ్చింది.

మాది నగరి. డిగ్రీలో ఒక పేపరు తప్పి (ఏ పేపరో అడగకండి, ఇంట్లో మనవలున్నారు) నాయన మరమగ్గాల షెడ్డులో కాలక్షేపం చేస్తుండేవాణ్ణి. ఎనిమిది మగ్గాలు, లుంగీల గుడ్డ. అవి ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడేది కాదు, అంతా చేతి సైగలే. మా నాయనకు మాత్రం ఆ హోరులో ఏ మగ్గానికా మగ్గం విడిగా వినపడేది. వీధి చివర టీ అంగట్లో కూర్చుని, గ్లాసు దించి, "ఆరోదాంట్లో నాడె తగులుతాంది, పోయి సూడు పో" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే నూలు మోసే నాడె పక్కకు తగులుతూ ఉండేది. తన చెవులంటే ఆయనకు చెప్పలేనంత గర్వం. ఊళ్ళో అలాంటి చెవులు ఇంకొక్క మనిషికే ఉండేవి. ఆయన మా ఫిట్టరు. నేను పలక పట్టిననాటి నుంచీ మా మగ్గాలకు వైద్యం చేస్తున్నవాడు. ఆయన చొక్కా మొదట ఏ రంగులో ఉండేదో ఎవరికీ తెలియనంతగా దానికి నూనె పట్టి ఉండేది కాబట్టి ఊరందరికీ ఆయన ఆయిలు మామ.

ఒకరోజు గుడ్డల మూటలు పార్సెలు చేయడానికి రేణిగుంట వెళ్ళాను. పనైపోయాక తిరుగు బండికి ఇంకా చాలా సమయం ఉంటే స్టేషను వెనక వీధిలో తిరుగుతున్నాను. ఉన్నట్టుండి రైలు కదిలిన చప్పుడు. నా బండే వెళ్ళిపోతోందని నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయాను. ఆ చప్పుడు స్టేషను వైపు నుంచి కాదు, ఒక పెంకుటింటి వరండాలో నుంచి వస్తోంది. పూల గౌను వేసుకున్న ఒక ముసలావిడ వాలుకుర్చీలో కూర్చుని, అరచేతుల మధ్య ఏదో దాచుకుని నోటికి ఆనించుకుని ఉంది. అడుగున చక్రాలు తిరుగుతున్నట్టు ఒక నడక, దాని మీద ఎవరో నవ్వుతూ ఏడుస్తున్నట్టు ఒక స్వరం, రెండూ ఒక్క నోట్లోనుంచే. ఆవిడ రైల్వే పిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ అనీ, వీధి పిల్లలు గౌనవ్వ అంటారనీ తర్వాత తెలిసింది.

"ఏం మ్యాన్, గోడ పక్క నిలబడి ఏం సూస్తాండావు? లోపలికి రా. కుక్క కరవదు, దానికి పండ్లు లేవు" అంది.

వెళ్ళాను. "మేడమ్, అది ఏం పాట?" అని అడిగాను.

"పాట కాదు మ్యాన్, బూగీ. బ్లూస్ బూగీ."

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆవిడ మద్రాసులో సిపాయిల క్యాంటీనులో టీ పోసేదట. అక్కడికొచ్చే ఒక నల్లజాతి అమెరికా సిపాయి దగ్గర నేర్చుకుందట. "వాడి పేరు మర్చిపోతిని, వాడి ఊపిరి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది" అంది. నాకు నేర్పమన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆదివారం రా. ముందుగానే చెప్తాండా, ఇది అందరికీ రాదు" అంది. అందరికీ రానిది నాకు వచ్చి తీరుతుందనుకునే వయసు నాది.

ఇంట్లో అమ్మతో, "రేణిగుంటలో బూగీ నేర్చుకుంటాండాను" అని నిజమే చెప్పాను. అమ్మకు రైలు బోగీ అని వినపడింది. "దానికి పరీక్ష ఉంటుందా నాయనా? గవర్మెంటు ఉద్యోగమేనా?" అంది ముఖం వెలిగిపోతూ. ఆ వెలుగు చూశాక దిద్దడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రానికి మా వీధిలో నేను రైల్వేలో చేరబోతున్నానని తెలిసిపోయింది. ఆదివారాలు రేణిగుంట వెళ్ళడానికి నాయన కూడా అడ్డు చెప్పలేదు.

తిరుపతిలో ఒక మౌత్ ఆర్గాన్ కొని, గౌనవ్వ నేర్పిన నాలుగు మెట్లూ దానిమీద నెల రోజులు తెగ సాధన చేశాను. ఒక ఆదివారం ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "ఇది రెండు వరసలది మ్యాన్, సినిమా పాటలకి. దీంట్లో స్వరం వంగదు. నెల్నుంచీ గోడతో కుస్తీ పడ్తాండావు" అని నవ్వి, పెట్టెలోనుంచి నొక్కులు పడ్డ పది రంధ్రాలది ఒకటి తీసి ఇచ్చింది. అప్పుడు మొదలయ్యాయి నా అసలు కష్టాలు. ఈ విద్యలో ఊదడం తక్కువ, పీల్చడం ఎక్కువ. పీల్చి పీల్చి రొమ్ము నిండిపోతుంది, వదలడానికి సందు దొరకదు. వాయిస్తూ వాయిస్తూనే ముక్కుతో దొంగతనంగా గాలి వదలాలి. అది చేతగాక నా కళ్ళు కప్ప కళ్ళలా బయటికి వచ్చేవి. పోనీ అంతటితో అయిందా అంటే, మూడో రంధ్రంలో బయటికి కనపడని ఒక స్వరం దాక్కుని ఉంటుంది. నాలుక వెనక్కి లాగి, గొంతు తెరిచి, ఉన్న స్వరాన్ని కిందికి వంచితేనే అది వస్తుంది. "నోట్లో 'ఈ' అనేదాన్ని 'ఊ' అను. వేడి కాఫీ పీల్చినట్ల పీల్చు" అనేది గౌనవ్వ. ఆవిడ పీలిస్తే ఎవరో నిట్టూర్చినట్టుండేది. నేను పీలిస్తే తలుపు సందులో పిల్లి తోక పడినట్టుండేది.

ఇంట్లో సాధన చేస్తే అమ్మ రైల్వే కల చెదిరిపోతుంది. అందుకని షెడ్డులో నూలు కండెలు చుట్టే గదిని ఎంచుకున్నాను. కండెలు చుట్టే ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నానికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు గది ఖాళీ. గోడకు అవతల ఎనిమిది మగ్గాలు ఆడుతుంటాయి. ఆ హోరులో నేను ఏనుగును తెచ్చి ఘీంకరింపజేసినా ఎవరికీ వినపడదనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం నాయన ఆయిలు మామను పిలిచి, "ఏమప్పా, మూడోదాంట్లో ఏదో కీచుమంటాంది, విన్న్యావా?" అన్నాడు. గోడకు అవతల సరిగ్గా నా వీపు వెనక ఉండేది మూడో మగ్గమే. మామ దాని దగ్గర నిలబడి తల వంచి విన్నాడు. "ఏమీ లేదే అన్నా" అన్నాడు. అయినా నూనె పోశాడు. మర్నాడు మధ్యాహ్నం, మామ అన్నానికి ఇంటికెళ్ళిన వేళకు, మళ్ళీ కీచు. సరిగ్గా మధ్యాహ్నమే వస్తోంది కాబట్టి ఎండకు ఇనుము సాగుతోందని నాయన తేల్చాడు. మూడో మగ్గం మీద తడి గోనెపట్టలు కప్పించాడు. నాకు అప్పుడే సంగతి అర్థమైంది. భయపడి రెండు రోజులు సాధన మానేశాను. గోనెపట్టలు పని చేశాయని నాయన టీ అంగట్లో అందరికీ చెప్పుకున్నాడు. మూడో రోజు నాకు మనసాగలేదు. ఇంకొక్క వారం పీలిస్తే ఆ స్వరం వంగుతుందనిపించింది. చేతికి అందేటట్టున్నదాన్ని వదలడం ఎంత కష్టమో, దానికోసం ఎదుటివాడి కష్టాన్ని చూడనట్టు ఉండడం ఎంత తేలికో ఆ వారంలోనే నేర్చుకున్నాను.

నాయన మగ్గాన్ని విప్పించాడు. బిగించాడు. దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. మద్రాసు వ్యాపారికి పంపవలసిన గుడ్డ ఆలస్యమైంది. చివరికొక రోజు ఓపిక నశించి, పనివాళ్ళందరి ముందూ మామను పట్టుకుని, "నాకు వినపడేది నీకెందుకు వినపడ్లేదప్పా? నీ చెవులు పోయినాయి. వయసైపాయ" అనేశాడు.

మామ మూడో మగ్గం మీద అరచెయ్యి పెట్టాడు. "మగ్గంలో జబ్బు లేదన్నా. ఉంటే నా చేతికి తెలీదా?" అన్నాడు. తర్వాత స్పానర్లన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, మూట కట్టుకుని, "చెవుల్లేని ఫిట్టరు నీకు దేనికి? వేరే మనిషిని సూసుకో" అని వెళ్ళిపోయాడు. నాయన ఆ పూట అన్నంలో చేయి పెట్టి తీసేశాడు. నేను మాత్రం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆ తిన్నది ఇప్పటికీ గుర్తుంది.

ఆదివారం ఇదంతా గౌనవ్వకు వేడుక కథలా చెప్పాను. గోనెపట్టల దగ్గర ఆవిడ పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ ముసలోడు ఇప్పుడు యాడుండాడు?" అని అడిగింది.

"ఇంట్లో."

"నువ్వు ఈడ కూర్చుని పాఠం నేర్చుకుంటాండావు. ఏం మనిషివి మ్యాన్ నువ్వు? పో. వచ్చే బండికే పో. ఈరోజు పాఠం లేదు" అని కుక్కను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున మామ ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఒక టైంపీసును కుడి చెవికి ఒకసారి, ఎడమ చెవికి ఒకసారి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. తన చెవులను తానే పరీక్షించుకుంటున్నాడు! అంతవరకూ నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయాను. "మామా, నీ చెవులు బాగుండాయి. ఆ కీచు నాది" అని మాత్రం అనగలిగాను. జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ భాగం ఎక్కడుందో చూసినట్టు చూసి, తిరిగి ఇచ్చాడు. టైంపీసు కింద పెట్టి, "నాతో చెప్తే ఏమొస్తాది అబ్బోడా, మీ నాయనతో చెప్పు. పా, నేనూ వస్తా" అని స్పానర్ల మూట చంకలో పెట్టుకుని లేచాడు.

నాయన మగ్గాలన్నీ ఆపించి నా మాట విన్నాడు. "యాదీ, వాయించు" అన్నాడు. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. భయంతో నా గొంతు తెరుచుకుపోయిందో ఏమో, లోపలికి పీల్చిన ఊపిరి తానే దారి చూసుకుంది. చక్రాలు కదిలాయి. మూడో రంధ్రంలో దాక్కున్నది మొదటిసారి చక్కగా వంగి, నిట్టూరుస్తూ బయటికి వచ్చింది. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చే ఆ చుట్టు మొత్తం తప్పు లేకుండా వాయించి కళ్ళు తెరిచాను. మూడు నెలల తపస్సు ఫలించిన క్షణం. నాయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదురా. నేను విన్నది వేరే. ఇది బాగానే ఉండాది గదా. మామను మళ్ళీ పనిలో పెట్టించేదానికి నాటకమాడతాండావు."

"లేదు నాయనా, సత్తెంగా నేనే" అని ఈసారి కావాలని చెడగొట్టి వాయించబోయాను. చెడిపోదే! ఇన్ని రోజులూ వద్దన్నా వచ్చిన పిల్లి కూత, కావాలన్న రోజు రానంటే రానంది. నాలుగుసార్లు ప్రయత్నించాను, నాలుగుసార్లూ బాగానే వచ్చింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు మామ ముందుకొచ్చి, "అబ్బోడా, రోజూ యాడ కూర్చుని వాయిస్తివి? ఆడికే పో. అన్నా, మగ్గాలు ఆడించు" అన్నాడు.

కండెల గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. గోడకు అవతల హోరు మొదలైంది. ఇక బాగా వాయించాలని గానీ, చెడగొట్టాలని గానీ లేదు. వచ్చింది వచ్చినట్టు వాయించాను. నా చెవికి బాగానే ఉంది. కాసేపటికి హోరు ఆగిపోయింది. లేచి వెళ్ళి చూస్తే, నాయన మూడో మగ్గం మీద చేయి ఆనించి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఎంత బాగా వాయించినా, గోడ దాటి, మగ్గాల మధ్య నుంచి వచ్చేసరికి అది ఆయనకు కీచుగానే వినపడిందన్నమాట. మామ "చెప్పలేదా నేను?" అనలేదు. నాయనే వచ్చి, ఆయన చంకలోని స్పానర్ల మూట తీసుకుని, ఎప్పుడూ ఉండే అలమరలో తన చేత్తో పెట్టి, "పా అప్పా, టీ తాగుదాం" అన్నాడు. ఇద్దరూ వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గడప దాటుతూ నాయన వెనక్కి తిరిగి, "రైలు ఉద్యోగం ఎప్పుడిస్తారంట?" అని అడిగాడు. "అది బోగీ కాదు నాయనా, బూగీ" అన్నాను. "సరే, మీ యమ్మకు నువ్వే చెప్పుకో" అన్నాడు. (ఆ కథ ఇంతకంటే పెద్దది. ఇక్కడ వద్దు.)

తర్వాతి ఆదివారం గౌనవ్వ గేటు దగ్గరే ఆపి, "చెప్పినావా?" అంది. చెప్పానన్నాను. "అయితే కూర్చో మ్యాన్. యాడ నిలిపినామో ఆడ్నుంచి." రెండేళ్ళ తర్వాత చెల్లెలి దగ్గరికని కోలారు వెళ్ళిపోయేదాకా ఆవిడ నాకు నేర్పుతూనే ఉంది.

ఆ తర్వాత మా షెడ్డులో కరెంటు పోయినప్పుడల్లా పనివాళ్ళు నన్ను చుట్టుముట్టి బూగీ వాయించమనేవాళ్ళు. మామ స్పానరుతో ఇనుప స్తంభం మీద తాళం వేసేవాడు. నాయన దగ్గరకు వచ్చేవాడు కాదు. దూరంగా మగ్గాల మెయిన్ స్విచ్చి దగ్గర, మాకు వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. కరెంటు రాగానే ఆయన తల మీది బల్బు వెలిగేది. ఆయన చేయి స్విచ్చి మీదే ఉండేది గానీ, నా చుట్టు పూర్తయ్యేదాకా దాన్ని వేసేది కాదు. అది కనిపెట్టినవాణ్ణి కాబట్టి, బల్బు వెలిగాక కూడా రెండు చుట్లు ఎక్కువే లాగేవాణ్ణి. ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. ఒక చుట్టు వాయించేసరికి ఆయాసం వస్తుంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, గుడ్డ ఆలస్యమవుతున్నా నిలబడిపోయిన ఆ వీపును తలుచుకుంటాను. అప్పటి ఆ కుర్రవాడు ఇంకో రెండు చుట్లు వాయించి ఉండవలసింది అనిపిస్తుంది.