చల్లటి చెయ్యి

మా భవానీపురం చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పుకుంటాం. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి చెప్పాలి. నడుము నొప్పి తగ్గిందని నేనూ లేచాను. హనుమాన్ జంక్షన్‌లో డాక్టరు దగ్గర మూడు ఇంజెక్షన్లు చేయించుకున్న సంగతి మాత్రం దాచేశాను. అందరూ నా మొహంలోకే చూస్తుంటే ఇంకో మాట కూడా నోట్లోంచి వచ్చేసింది.

"ప్రార్థన చేసుకుంటుంటే చల్లటి చెయ్యి ఒకటి నా వీపు మీద ఆనిందండీ."

స్తోత్రాలతో రేకుల కప్పు అదిరిపోయింది.

పదమూడు రోజులకు, శనివారం మిట్టమధ్యాహ్నం, ఎదురింటి అక్కను చూడబోయాను. వంటింట్లో గోడకేసి తిరిగి పీట మీద కూర్చుంది. ఫ్యాను లేదు. కాళ్ళు ఉబ్బాయి. కిటికీలో బీపీ బిళ్ళల అట్ట విప్పకుండానే ఉంది. ఆ బిళ్ళలు మానేసే పోయినేడు పడిపోయి, ఆస్పత్రి పాలయింది.

"మందులు వేసుకోవట్లేదా అక్కా?"

"నువ్వేమన్నా వేసుకున్నావా? నీ సాక్ష్యం విన్నరోజే మానేశాను." వెనక్కి తిరగలేదు. "నిన్న ప్రార్థన చేసుకుంటుంటే చల్లటి చెయ్యి ఒకటి నా వీపు మీద ఆనింది. ఇంకా తియ్యలేదు."

నేను చర్చిలో ఎక్కడ ఆగానో అక్కడే ఆగింది. ఎక్కడ గొంతు తగ్గించానో అక్కడే తగ్గించింది. నా అబద్ధం నాకే వినబడుతోంది.

వీపు తడిమాను. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. రెండు రెక్కల మధ్య మాత్రం అరచెయ్యంత మేర పొడిగా, కుండ అడుగులా చల్లగా ఉంది.

"అబద్ధం చెప్పానక్కా. ఏ చెయ్యీ రాలేదు. సూదులతో తగ్గింది."

"మరి ఇదెవరిది?"

అట్ట తెచ్చి చేతిలో పెట్టాను. "నీ కాళ్ళు పట్టుకుంటా, వేసుకో."

"దేవుడి ఎదట చెప్పిందాన్ని నా వంటింట్లో చెరిపేస్తావా? అక్కడే చెప్పు. అప్పుడు వేసుకుంటా."

మర్నాడు చర్చిలో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. "యాక్టింగు బానే చేసిందమ్మా," అని వెనక ఎవరో నవ్వారు. సిగ్గుతో కూర్చుంటుంటే పక్కన అట్ట చిరిగిన చప్పుడయింది. మంచినీళ్ళిచ్చాను. అక్క బిళ్ళ మింగింది.

"చూడు," అంది, వీపు నా వైపు తిప్పి.

చెయ్యి వేశాను. వీపంతా ఒకటే వేడి, ఒకటే చెమట.

"పోయిందక్కా."

ఆఖరి ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ చెయ్యి ఈసారి నా వీపు మీద ఆనుతుందేమోనని నేను మూసుకోలేకపోయాను.