నాలుగో నెలలో నీలం డ్రెస్సు

"ఇదొకటుంటే చాలక్కా. పగలు ఆఫీసుకేసుకో, సాయంత్రం దీన్తోనే ఫంక్షనుకు పో" అని షాపులో అమ్మాయి అంటగట్టింది. ముదురు నీలం రంగు, మోకాళ్ల కిందిదాకా తిన్నగా దిగే కటింగు, నడుం దగ్గర సన్నటి బెల్టు. అనంతపురంలో మా డ్రిప్పు పైపుల కంపెనీ ఆఫీసులో అలాంటిది వేసుకున్నది నేనొక్కదాన్నే. కింద లెగ్గింగ్స్ ఉండేవి లెండి, అంత ధైర్యం నాకెక్కడిది.

నెల తప్పాక కూడా దాన్ని వదల్లేదు. నాకు నాలుగో నెల నిండేసరికి కాంట్రాక్టు గడువు అయిపోతుంది. అంతకు ముందు ఏడు నా పక్క సీటామెకు కడుపు కనబడగానే కాంట్రాక్టు ఆగిపోయింది. ఎవరూ పొమ్మనలేదు, పొడిగిస్తూ కాగితం రాలేదంతే. వదులు చుడీదార్లలోకి మారితే అనుమానం వస్తుందనీ, బిగుతు డ్రెస్సులో తిరిగితే ఎవరికీ ఆ ఆలోచనే రాదనీ నా లెక్క. మహా తెలివి.

"బిడ్డకు ఊపిరాడద్దా? ఆ బెల్టు తీసి యాడన్నా పారెయ్" అని మా అత్త రోజూ తిట్టేది. "కాంట్రాక్టు పొడిగించేవరకే అత్తా" అనేదాన్ని. నాకు మాత్రం భయం లేదా? పోయినసారి కూడా ఇలాగే ఎవరికీ చెప్పలేదు. మూడో నెలలో పోయింది. ఆఫీసులో జ్వరమని చెప్పి సెలవు పెట్టాను. ఉందని చెప్పని బిడ్డ కోసం నలుగురిలో ఏడవడానికి కూడా లేకపోయింది.

గడువు ఇంకో వారం ఉందనగా ఒకరోజు మధ్యాహ్నం మేనేజరు పిలిచి, "నీ కాగితం నాతోనే ఉండాది. సోమవారం సంతకం పెడతాలేమ్మా" అన్నాడు. గాల్లో తేలినంత సంతోషమైంది. సాయంత్రం అత్త తరఫు బంధువుల రిసెప్షన్. ఇంటికి పోయి చీర కట్టుకునే టైము లేక, కమ్మలు మార్చుకుని, అదే డ్రెస్సుతో నేరుగా వెళ్లాను. అత్త ముందే వచ్చి కూర్చుంది. కాసేపటికి మేనేజరు కూడా భార్యతో వచ్చాడు. ఈ ఊళ్లో ఏ పెళ్లికి పోయినా సగం మంది తెలిసినవాళ్లే. ఆ సంగతే మరిచిపోయాను.

ఇన్నాళ్లూ ఆఫీసులో మగవాళ్లకు కనబడనిది ఆయన భార్యకు ఒక్క చూపులో కనబడింది. భుజం మీద చెయ్యేసి, "ఏమ్మా, ఎన్నో నెల?" అంది. మంచి మనిషి, ప్రేమగానే అడిగింది. మేనేజరు పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అదేం లేదు మేడం, ఇప్పుడే తిన్నాను అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ బిడ్డను కూడా లేదనడం నా వల్ల కాలేదు.

"నాలుగో నెల మేడం" అన్నాను.

ఆమె నా చెంపలు నిమిరింది. మేనేజరు ఒక్క క్షణం తినడం ఆపి, "మంచి మాట చెప్పినావమ్మా. ఇంక ఈ ఎండల్లో నీకెందుకు ఆఫీసు? ఇంట్లో రెస్టు తీసుకో" అన్నాడు.

"రెస్టు నేనడగలేదు సార్" అన్నాను.

"నీ మంచికే చెప్తాండా తల్లీ" అన్నాడాయన. ఆ మాట ఎంత మర్యాదగా అన్నాడంటే, నా పక్కనున్న అత్త కళ్లు తుడుచుకుని, ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.