తడి తువ్వాళ్ల కుప్ప

పెద్దక్క ఏడాదంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. వేసవి సెలవుల్లో బంధువులంతా కలుస్తారని సరస్సు ఒడ్డున ఉన్న పుట్టింటికి వస్తుంది. మెడదాకా నీళ్లలో కూర్చోవాలని ఆమె కోరిక. కానీ ఏటా పిల్లా పెద్దా ఈతలు కొట్టివచ్చి, తడి తువ్వాళ్లు ఆమె ముందు కుప్ప పోసి భోజనాలకు లేచిపోతారు. అవి ఉతికి ఆరేసేసరికి పొద్దు వాలిపోతుంది.

ఈసారీ కుప్ప పడింది.

"నీ చెయ్యి పడితే ఆ తెలుపే వేరు వదినా," అంటూ మరదలు తన తువ్వాలు కూడా పైన పడేసింది.

"అలవాటైన పనేగా అక్కా, నీకెంతసేపు," అన్నాడు తమ్ముడు.

పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది. "అలవాటైన పని కాబట్టేరా, సెలవు పెట్టి వచ్చాను. నువ్వు పళ్ల డాక్టరువి కదా, ఇక్కడికొచ్చి ఎవరి పన్నైనా పీకావా?"

ఆమె కట్టుబట్టలతోనే నీళ్లలోకి దిగి, మెడదాకా మునిగి కూర్చుంది. ఎంత పిలిచినా పలకలేదు.

సాయంత్రం ఒడ్డుకొచ్చేసరికి కుప్ప కదల్లేదు. తుడుచుకోవడానికి పొడి తువ్వాలు ఒక్కటీ లేదు. నీళ్లోడుతూ తిన్నగా లోపలికి నడిచి, తమ్ముడి పరుపు మీద కూర్చుంది.

"ఎవరో ఒకరు ఉతికి ఆరేసి తెండి. అందాకా ఇక్కణ్ణుంచి లేవను," అంది.