కాలియా నల్లగోళ్ళు

మొన్న ఆదివారం మా మనవరాలు తన కుక్కపిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, కిటికీ వెలుగులో ఒక్కో గోరు చివర నువ్వుగింజంత తీసి, నాలుగు గోళ్ళయ్యాక దానికో బిస్కెట్టు ముక్క పెట్టి, మిగతావి రేపు చూద్దాంలే అని వదిలేసింది. నేను అక్కడ కూర్చోలేక లేచి లోపలికి వెళ్ళిపోయాను. మామ్మకు కుక్కలంటే గిట్టదనుకుని ఉంటుంది పిచ్చిపిల్ల.

నా చిన్నతనమంతా బరంపురంలో గడిచింది. ఒరిస్సా రాష్ట్రం కొత్తగా ఏర్పడి, నిన్నటిదాకా మద్రాసు వాళ్ళమైన మనం ఇవాళ ఎవరమయ్యామని పెద్దవాళ్ళు అరుగుల మీద వాదులాడుకునే రోజులవి. నాన్నకు పట్టుబట్టల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. మాకు పాలుపోసే ఒరియా ఆవిడ ఒకనాడు నల్లటి కుక్కపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టి, ఆ నలుపు చూసి తమ భాషలో కాలియా అని పిలిచింది, అదే దాని పేరయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న కాదనలేదు గానీ ఒక్క మాట గట్టిగా చెప్పారు. "పట్టుకి ఒక్క పోగు లేసినా దీన్ని గిరిసోలలో మీ మేనత్త ఇంటికి పంపించేస్తాను, సూసుకో."

రెండు నెలలు తిరిగేసరికి కాలియా గోళ్ళు కొక్కేల్లా వంగి గచ్చు మీద టకటకమనసాగాయి. తీద్దామంటే రోజు కుదరాలి కదా! మంగళవారం కూడదు, శుక్రవారం అసలే కూడదు, శనివారం వద్దు, ఇంట్లో ఎవరి జన్మనక్షత్రం నాడూ వద్దు. పదకొండు మందిమి ఉన్న ఇంట్లో జన్మనక్షత్రాలకేం కొదవ? కుక్కకు వారమేమిటని నేను నోరు జారితే నాయనమ్మ కసిరింది. "ఏటే ఆ మాట? కుక్కదైతే మాత్రం, గోరు రాలీది మనింట్లో కాదేటి?"

చివరికొక బుధవారం మధ్యాహ్నం ఏ అడ్డూ లేకుండా దొరికింది. మళ్ళీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో ఏమోనని, చాన్నాళ్ళు బెంగ లేకుండా ఒకేసారి మొదలంటా తీసేద్దామనుకున్నాను. అదే నేను చేసిన పాడుపని. తెల్లగోరైతే లోపలి ఎర్రజీర కనబడి ఎక్కడ ఆగాలో తెలిసేది, కాలియావేమో బొగ్గులాంటి గోళ్ళు. కొట్లో పోగులు కత్తిరించే కత్తెర తెచ్చి పక్కన కూర్చుంటే, ఆటనుకుని అదే కాలు చాపింది. మొదటి గోరుకే కెవ్వుమంది, నెత్తురు బొటబొటా కారింది. అమ్మ పరుగెత్తుకొచ్చి పసుపు అద్ది చాలాసేపు నొక్కిపడితే గానీ ఆగలేదు.

ఆ తర్వాత అది నా చేతి అన్నమే తినేది, నా పక్కనే పడుకునేది, కాలి మీద చెయ్యి వేస్తే మాత్రం లాక్కుని మంచం కిందికి దూరేది. బెల్లం పెట్టి బతిమాలినా ఇవ్వలేదు. గోళ్ళు మళ్ళీ పెరిగాయి. పెళ్ళివారి కోసం పరిచిన చీర మీదికి ఒకనాడు అది గెంతింది, అంచు పోగులు లేచిపోయాయి. మర్నాడు నాన్న దాన్ని బుట్టలో పెట్టుకుని గిరిసోల రైలెక్కారు. నేను స్టేషనుకు రానని మొండికేశాను, కనీసం సాగనంపనైనా లేదని ఈనాటికీ బాధే.

మరుసటి వేసవిలో మేనత్తను చూడబోతే, కాలియా చేలగట్టు మీంచి పరుగెత్తుకొచ్చి నా మొహమంతా నాకింది. మట్టిలో తిరిగి తిరిగి దాని గోళ్ళు వాటంతటవే అరిగిపోయాయి, కత్తెరతో పనే లేదు. తల నిమురుతూ చెయ్యి కాస్త కిందికి జరిపానో లేదో, తోక ఆడిస్తూనే ముందుకాళ్ళు రెండూ పొట్టకిందికి ముడిచేసుకుంది. "అదేటే, మాకెవరికీ అలా సెయ్యదే!" అని మేనత్త ఆశ్చర్యపోయింది. నేను గబుక్కున చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో గోళ్ళకు వారం చూసేవాళ్ళు లేరు. మంగళవారమో శుక్రవారమో గోరు తియ్యాలంటే నాకింకా చెయ్యాడదు గానీ, మన ఈడువాళ్ళలో ఎంతమందికి ఆడుతుంది చెప్పండి? ఏ రోజైనా తీసుకోవచ్చు గనక ఈ పిల్లలకు ఒకేసారి తెగ్గోసెయ్యాలన్న ఆత్రం లేదు, ఇవాళ కొంచెం, రేపు కొంచెం. ఇంత చిన్న సంగతి ఆ బుధవారం నాకు తోచలేదే అని ఏడుపొస్తుంది.

నిన్న మనవరాలు బజారుకు వెళ్తూ కుక్కపిల్లను నా ఒళ్ళో పడేసింది. అది ఆవులించి, కాలు చాపి నా అరచేతిలో పెట్టింది. నేను వేళ్ళు ముడవలేదు, దాని ఇష్టం వచ్చినంతసేపు అలాగే ఉంచనిచ్చాను.